ఫిబులా, పెరోనియల్: ఒకే ఎముకకు రెండు పేర్లు

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. మూడు వారాల కిందట మెట్ల మీద జారిపడ్డారు. ఎక్స్‌రేలో ‘ఫిబులా నెక్ ఫ్రాక్చర్’ అని వచ్చింది. పాదం పైకి లేవడం లేదంటే నరాల పరీక్ష చేసి ‘కామన్ పెరోనియల్ నర్వ్’ దెబ్బతిందన్నారు. ఇంటర్నెట్‌లో చూస్తే అది మలమూత్ర ద్వారాల దగ్గరి భాగమని ఉంది. రెండుచోట్ల దెబ్బ తగిలిందా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: దెబ్బ ఒక్కచోటే తగిలింది. మీరు చదివింది పెరోనియల్ గురించి కాదు, పెరినియల్ గురించి. గుణింతంలో ఒక్క అక్షరం తేడా, శరీరంలో మాత్రం మూరెడు దూరం. ఈ పొరపాటు మా వైద్యులకూ కొత్త కాదు. అందుకే 1998 నాటి అంతర్జాతీయ శరీర నిర్మాణ పదావళి ఈ నరానికి ‘ఫిబులార్’ అనే పేరును ముందుంచింది.

లాటిన్‌లో ఫిబులా అంటే రోమన్లు పైవస్త్రం జారిపోకుండా భుజం దగ్గర పెట్టుకునే పిన్ను. గ్రీకులో పెరోనే అన్నా అటువంటి పిన్నే. మోకాలి కింద ముందువైపు చేతికి తగిలే లావుపాటి ఎముక టిబియా (లాటిన్‌లో పిల్లనగ్రోవి) పక్కన సన్నగా ఉండే ఈ ఎముకను చూస్తే, పిన్నీసుకు బిగించిన సూది గుర్తుకు రాక మానదు. ఎముకకు లాటిన్ పేరు, నరానికి గ్రీకు పేరు నిలిచిపోవడంతో మీ రిపోర్టులు రెండూ వేర్వేరు భాగాల గురించి మాట్లాడుతున్నట్టు అనిపించాయి.

మోకాలికి బయటివైపు, కాస్త కిందుగా తడిమితే గోళీలాంటి బొడిపె తగులుతుంది; అది ఫిబులా పైకొన. దాని కిందుగా, చర్మానికి అతి దగ్గరగా ఈ నరం ఎముక మెడను (రిపోర్టులోని ‘నెక్’ ఇదే) చుట్టి వెళ్తుంది కాబట్టి అక్కడ ఎముక విరిగినా, కట్టు బిగిసినా, గంటల తరబడి బాసింపట్టు వేసుకుని కూర్చున్నా అది నలుగుతుంది. అప్పుడు పాదం వేలాడిపోయి, నడిచేటప్పుడు చెప్పు జారిపోతుంది.

నరం తెగకుండా నలిగి మాత్రమే ఉంటే, చాలామందిలో కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో బలం తిరిగి వస్తుంది. అంతవరకు పాదాన్ని నిలబెట్టే స్ప్లింట్ వాడించి, ఫిజియోథెరపీ చేయించండి. పాదం పైభాగంలో స్పర్శ తగ్గి ఉంటుంది కాబట్టి స్ప్లింట్ ఒరుసుకుని పుండు పడుతోందేమో రోజూ రాత్రి చూడండి. మూడు నెలలకూ కదలిక రాకపోతే పరీక్ష మళ్లీ చేయించి, శస్త్రచికిత్స అవసరమా అని నిపుణుణ్ని అడగాలి. కట్టు ఉండగా నొప్పి విపరీతమైనా, కాలివేళ్లు చల్లబడినా, నీలంగా మారినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.