బటన్ నుంచి గెజిట్ దాకా

చిరంజీవికి,

పెద్దమ్మ ఆశీస్సులు. రోగికి సిరంజిలోని మందును కొద్దికొద్దిగా ఎక్కించే సిరంజి పంపులు డిజైన్ చేస్తానని బెంగళూరు పీణ్యాలోని కంపెనీలో చేరితే ఫైళ్ళు నింపే పని అంటగట్టారని, ఇంజనీరువి కాస్తా గుమస్తావయ్యావని నీ గోడు. మీ అమ్మ ఉద్యోగం మారమంటుంది. నేను అనను. బెంగళూరు ఆసుపత్రుల్లో యంత్రాల బాగోగులు చూసే విభాగంలో జుట్టు నెరిసినదాన్ని కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను. కోపం తెచ్చుకోకుండా చదువు.

ముందు ఆ ఫైళ్ళు పక్కన పెట్టి, అనుమతి తీసుకుని, ఒక రాత్రి ఏదైనా ఐసీయూలో నిలబడు. పగలు వద్దు. కంపెనీ మనిషి వచ్చాడని పగలైతే యంత్రాన్ని తుడిచి మరీ చూపిస్తారు. రాత్రి రెండు గంటలప్పుడు నర్సు మీ పంపును ఎలా వాడుతుందో చూడు. ఆమె చేతికి తడి గ్లవ్ ఉంటుంది. ఒక చేత్తో సిరంజి పట్టుకుని రెండో చేత్తో బటన్లు నొక్కుతుంది. తెర మీద అంకె సరిగ్గా పడిందో లేదో చూసుకునేలోపే పక్క మంచం దగ్గర అలారం మోగుతుంది. ఆ కీప్యాడును స్పిరిట్‌తో ఎన్నిసార్లు తుడుస్తారో ఎవరూ లెక్కపెట్టరు. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు పంపు ఏం చేస్తుందో కూడా గమనించు. నర్సులు కన్నడంలోనో మలయాళంలోనో మాట్లాడుకుంటారు. హిందూపురం నుంచో మదనపల్లె నుంచో వచ్చిన బంధువులు తెలుగులో గోడు వెళ్ళబోసుకుంటారు. ‘ఆ మిషన్ ఊరికే కూస్తోంది, ఆపేశారు’ అని ఒక పెద్దాయన అన్నాడనుకో, మీ అలారం డిజైన్ మీద అంతకన్నా మంచి సమీక్ష నీకు దొరకదు.

ఇప్పుడు బటన్ సంగతికి వస్తాను. నొక్కిన బటన్ లోపలి కొసలు ఒక్క దెబ్బకు అతుక్కోవని, కొన్ని మిల్లీసెకన్ల పాటు తాకుతూ విడిపోతూ ఉంటాయని చదువుకున్నావు. దీన్నే బౌన్స్ అంటాం. ప్రోగ్రాము కాసేపు ఆగి మళ్ళీ చూసుకోకపోతే ఒక్క నొక్కు రెండుగా నమోదవుతుంది. పరీక్షలో అది రెండు మార్కుల ప్రశ్న. మందు పంపులో మాత్రం సున్నా రెండుసార్లు పడితే 10 కాస్తా 100 అవుతుంది, గంటకు పది మిల్లీలీటర్లు ఎక్కాల్సిన మందు వంద ఎక్కుతుంది. 2005 నుంచి 2009 దాకా ఇన్‌ఫ్యూజన్ పంపుల (మీ సిరంజి పంపులాంటి మందు ఎక్కించే యంత్రాల) వాడకంలో తలెత్తిన అనర్థాల గురించి అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏకు సుమారు 56,000 నివేదికలు అందాయి. అదే కాలంలో 87 రీకాల్‌లు, అంటే లోపమున్న యంత్రాలను కంపెనీలు వెనక్కి తీసుకోవడమో సరిదిద్దడమో, జరిగాయి. కారణాల్లో సాఫ్ట్‌వేర్ లోపాలు, బ్యాటరీలు, అర్థంకాని తెరలతో పాటు ఈ బౌన్స్ కూడా ఉంది. 2010లో ఎఫ్‌డీఏ కంపెనీల మెడ మీద కూర్చుని, అమ్మకానికి ముందే ఇంకా గట్టి ఆధారాలు చూపించమంది. నువ్వు విసుక్కుంటూ నింపుతున్న ప్రమాద విశ్లేషణ పట్టికలో ‘కీప్యాడ్’ అనే వరుస అందుకే ఉంది.

థెరాక్-25 గురించి ఇంకా చదవలేదంటే ఈ వారమే చదువు. 1985–87 మధ్య అమెరికా, కెనడాల్లో ఆ రేడియేషన్ యంత్రం ఆరుగురికి మోతాదుకు ఎన్నో రెట్లు కిరణాలు వదిలింది. పాత మోడల్లో ఉన్న హార్డ్‌వేర్ అడ్డుకట్టలు తీసేసి, సాఫ్ట్‌వేర్ చూసుకుంటుందిలే అనుకున్నారు. ఆపరేటరు చకచకా వివరాలు దిద్దితే ప్రోగ్రాము ఆ మార్పును అందుకోలేకపోయేది. మంచి పనితనం చూడాలంటే మత్తు యంత్రం వెనక వేలాడే చిన్న సిలిండర్ల దగ్గర వంగి చూడు. ఆక్సిజన్ సిలిండర్ తగిలించే చోట పిన్నులు 2, 5 స్థానాల్లో ఉంటాయి, నైట్రస్ ఆక్సైడ్‌కు 3, 5 స్థానాల్లో. ఒకదాని చోట ఇంకొకటి బిగించాలని మొండిపట్టు పట్టినా కుదరదు. అక్కడ బోర్డులు అక్కర్లేదు, శిక్షణ అక్కర్లేదు. ప్రమాణం అంటే నా దృష్టిలో ఇది. మిగతా కాగితాల్లో సగం దీని దరిదాపులకు రావు, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను.

మన చట్టం సంగతి. వైద్య పరికరాలన్నీ ఇప్పటికీ 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కిందే ఉన్నాయి. 2017 నాటి వైద్య పరికరాల నియమాలు 2018 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి కానీ, అప్పట్లో జాబితాలో ఉన్న కొన్నింటికే వర్తించేవి. 2020 ఏప్రిల్ 1 నుంచి పరికరాలన్నీ పరిధిలోకి వచ్చాయి. ప్రమాదం తక్కువైన ఎ, బి తరగతులకు (ఎ తరగతిలో కొన్నింటికి మినహాయింపు ఉంది) 2022 అక్టోబరు 1 నుంచి, ఎక్కువైన సి, డి తరగతులకు 2023 అక్టోబరు 1 నుంచి లైసెన్సు తప్పనిసరి అయింది. అంతకుముందు మేం యంత్రాలు కొనేటప్పుడు యూరప్ ముద్ర ఉందా, అమెరికా అనుమతి ఉందా అని అడిగేవాళ్ళం, అంతే. మీ ఫైళ్ళు అంత గజిబిజిగా ఉండటానికి ఒక కారణం ఇది. ఈ నియమాలు మీ కంపెనీకీ కొత్తే, తనిఖీకి వచ్చేవారికీ కొత్తే.

ధరల నియంత్రణ కూడా నీ పనిలోకే వస్తుందని నీకు ఎవరూ చెప్పి ఉండరు. 2017 ఫిబ్రవరిలో గుండె స్టెంట్లకు గరిష్ఠ ధర పెట్టారు: మామూలు లోహపు స్టెంటుకు ₹7,260, మందు పూసిన దానికి ₹29,600. నేను సంతోషించాను, ఆ బిల్లులు కట్టలేక నలిగిపోయిన కుటుంబాలను చూసినదాన్ని. మీ పంపుకు అలాంటి పరిమితి లేకపోయినా, ఏ పరికరం ఎంఆర్‌పీ అయినా పన్నెండు నెలల్లో పది శాతానికి మించి పెంచకూడదన్న నియమం ఉంది. ధర పెంచలేని కంపెనీ ఖర్చు తగ్గించుకుంటుంది. కొనుగోలు విభాగం అవే కొలతల్లో చౌకైన కీప్యాడ్ పట్టుకొచ్చి, చిన్న మార్పే కదా, సంతకం పెట్టమంటుంది. అప్పుడు ఆ 2017 నియమాల్లోని ఆరో షెడ్యూలు తెరువు. ఏది పెద్ద మార్పో, ఏది చిన్నదో అందులో ఉంది. పెద్దదానికి ముందే అనుమతి కావాలి, చిన్నదాన్ని తర్వాత తెలియజేయాలి. అది ఏ కోవలోకి వస్తుందో వాదించడానికి ముందు కొత్త కీప్యాడును స్పిరిట్‌తో తుడుస్తూ నొక్కించి, పాతదాని పక్కన బౌన్స్ కొలిచి, ఆసిలోస్కోపు (విద్యుత్ సంకేతాన్ని గీతగా చూపే పరికరం) బొమ్మలు నోట్‌బుక్‌లో అంటించు.

ఆ నోట్‌బుక్ గురించే అసలు చెప్పాలనుకున్నాను. ప్రభుత్వం ముసాయిదా నియమాన్ని గెజిట్‌లో పెట్టినప్పుడు అభ్యంతరాలకు, సూచనలకు గడువిస్తుంది. దేశంలో వస్తువుల ప్రమాణాలు నిర్ణయించే బీఐఎస్ కూడా ముసాయిదా ప్రమాణాలను వ్యాఖ్యల కోసం బయటపెడుతుంది. మీలాంటి కుర్రాళ్ళు క్యాంటీన్లో తిట్టుకుని ఊరుకుంటారు. తీరిగ్గా కూర్చుని రాసేది పెద్ద కంపెనీల న్యాయవాదులు, పరిశ్రమ సంఘాలు. చివరికి నియమం వాళ్ళకు నచ్చినట్టే ఉంటే ఆశ్చర్యమేముంది? ముసాయిదా రాసే అధికారి చెడ్డవాడు కాదు, ఆయన చేతిలో ల్యాబ్ లేదు. ఎన్ని నొక్కుల తర్వాత బౌన్స్ ఎన్ని మిల్లీసెకన్లకు చేరిందో ఆయనకు ఎవరు చెప్పాలి?

రాసేటప్పుడు క్లాజు సంఖ్య, ఇప్పుడున్న వాక్యం, దాని బదులు నువ్వు కోరే వాక్యం, కారణం, కొలత ఈ వరుసలో పెట్టు. ఒక్కో అభ్యంతరం విడిగా ఉండాలి. ‘దేశీయ పరిశ్రమకు భారం’ లాంటి మాటలు చదివేవాళ్ళు దాటేస్తారు, నేనైనా దాటేస్తాను. సడలించమని మాత్రమే అడగకు. క్లాజు వదులుగా ఉన్నచోట బిగించమని కూడా రాయి, అప్పుడే నీ మిగతా మాటలకు విలువ. కంపెనీ కొలతలను కంపెనీ అనుమతి లేకుండా బయటపెట్టవద్దు. ముందు మీ రెగ్యులేటరీ విభాగం పెద్దావిడ దగ్గరికి వెళ్ళు. ఆవిడను నువ్వు ఉత్తరంలో వెక్కిరించావు కానీ, కొలతలతో వచ్చే ఇంజనీరు కోసం ఆవిడ చాలాకాలంగా ఎదురుచూస్తూ ఉంటుందని నా అనుమానం.

ఇంకొకటి. పరికరాల వల్ల జరిగే అనర్థాలను నమోదు చేయడానికి 2015 జులై నుంచి మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం ఉంది. గాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది. ఐసీయూకు వెళ్ళినప్పుడు దాని గురించి నర్సులను అడుగు. తప్పు తమ మీదికి వస్తుందని భయపడి చాలామంది నోరు విప్పరు. యంత్రం గురించి రాయడమేనని నెమ్మదిగా చెప్పు. పేర్లు అడగకు.

ఈ నెలాఖరులోగా ఒక్క క్లాజు మీద నీ వ్యాఖ్య రాసి తీసుకురా. మెయిల్ వద్దు, తెర మీద చదవడానికి నా కళ్ళు సహకరించడం లేదు. ప్రింటు తీసి ఆదివారం మల్లేశ్వరం వచ్చేయ్, పెన్నుతో దిద్ది ఇస్తాను. ఐసీయూకు వెళ్ళే రాత్రి మాత్రం భోంచేసి వెళ్ళు, ఆసుపత్రి క్యాంటీన్లు పదింటికే మూసేస్తారు.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ