రాయబారులను పంపించేస్తే హ్యాకింగ్ ఆగుతుందా?

ప్రశ్న: ఒక దేశ ప్రభుత్వమే హ్యాకర్లను పెట్టి ఇంకో దేశం మీద సైబర్ దాడి చేయిస్తే, మిగతా దేశాలు ఖండించి ఊరుకోవడమేనా? ఎవరైనా గట్టిగా స్పందించారా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: స్పందించారండీ, అదీ మన హైదరాబాద్‌లో సగం జనాభా కూడా లేని ఐరోపా దేశం అల్బేనియా. 2022 మేలో అక్కడి ప్రభుత్వం ఆఫీసు కౌంటర్లు మూసేసి సర్టిఫికెట్లూ దరఖాస్తులూ అన్నీ ఈ-అల్బేనియా అనే పోర్టల్‌లోకి మార్చేసింది. మన మీసేవ లాంటిదే, కాకపోతే వెళ్లి అడగడానికి మనిషుండడు. జులై 15న దాడి జరిగింది, పోర్టల్ ఆపేయాల్సి వచ్చింది. పోనీ కౌంటర్‌కి వెళ్దామంటే అది అప్పటికే మూసేశారాయె!

ఇరాన్ ప్రభుత్వాన్ని వ్యతిరేకించే ముజాహిదీన్ అనే ఇరాన్ సంస్థ వాళ్లు వేలల్లో అల్బేనియాలో తలదాచుకుంటున్నారు, ఇరాన్‌కి అల్బేనియా మీద కోపం అందుకే. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ, మైక్రోసాఫ్ట్ నిపుణులు వచ్చి సర్వర్లు తవ్వి చూసి, ఇది ఇరాన్ పనేనని తేల్చారు. ఇరాన్ మాత్రం మాకేం సంబంధం లేదంది. సెప్టెంబర్ 7న అల్బేనియా ఇరాన్‌తో దౌత్య సంబంధాలు తెంచేసుకుని, దాని రాయబారులను 24 గంటల్లో దేశం వదలమంది. ఆ రాత్రి అల్బేనియా రాజధాని టిరానాలోని ఇరాన్ ఎంబసీ ఆవరణలో ఒకతను తుప్పుపట్టిన డ్రమ్ములో కాగితాలు వేసి తగలబెడుతుంటే బయటున్న విలేకరులు చూశారు.

9న అమెరికా ఇరాన్ ఇంటెలిజెన్స్ శాఖ మీదా, దాని మంత్రి మీదా ఆంక్షలు పెట్టింది. అల్బేనియా కూడా సభ్యురాలైన సైనిక కూటమి నాటో గట్టిగా ఖండించింది, కానీ ఒకరి మీద దాడి అందరి మీదా దాడి అనే ఆర్టికల్ 5 జోలికి వెళ్లలేదు. మరి హ్యాకర్లు భయపడ్డారా అంటే, సరిగ్గా ఆ రోజుల్లోనే అల్బేనియా సరిహద్దుల్లో రాకపోకలు నమోదుచేసే సిస్టమ్ మీద ఇంకో దాడి జరిగింది! ఐక్యరాజ్యసమితిలో 2015లో ఒప్పుకున్న నియమాల్లో, ప్రజల కీలక సేవలను దెబ్బతీయకూడదని ఉంది, కానీ అవి స్వచ్ఛందం, తప్పితే శిక్ష లేదు. అందుకే నన్నడిగితే ఆంక్షలకన్నా ఆ సర్వర్లు తవ్విన సాయమే ఎక్కువ పనికొచ్చింది, ఎలా వచ్చారో ఎఫ్‌బీఐ రిపోర్టు రాసి అందరికీ ఇచ్చింది కూడా.

అందులో తేలిందేమిటంటే, దొంగలు దాదాపు 14 నెలల ముందే లోపలికొచ్చి కూర్చున్నారు. వచ్చిన దారి, ఆఫీసుల్లో ఫైళ్లు పంచుకోవడానికి వాడే మైక్రోసాఫ్ట్ షేర్‌పాయింట్ సాఫ్ట్‌వేర్‌లో ఒక పాత లోపం. దాన్ని సరిచేసే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ 2019లోనే ఇచ్చింది, ఆ సర్వర్‌లో వేయలేదంతే.