సముద్రంలో పడ్డ విమానాలు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో నేను నేవీలో చేసిన పని గురించి రాశాను. ఎయిర్ స్టేషన్‌లో సేఫ్టీ ఎక్విప్‌మెంట్ సెక్షన్. పారాచూట్లు మడత పెట్టడం, లైఫ్ జాకెట్లు పరీక్షించడం, ఒక్క మనిషి కూర్చునే రబ్బరు పడవను, అంటే డింగీని, చిన్న పొట్లంలా సర్దడం. ఇరవై రెండేళ్లు అదే పని. విమానం నడిపేవాడి గురించి అడుగుతారు గానీ డింగీ సర్దేవాడికి ఉత్తరాలు ఎవరు రాస్తారులే అనుకున్నాను. సంచి నిండా వచ్చాయి. యుద్ధంలో సముద్రం మీద పోయినవాళ్ల గురించే ఎక్కువ మంది అడిగారు కాబట్టి ఈసారి వాటికే జవాబులు.

ప్రశ్న: 1942లో మా ఊరి మీద జపాన్ వాళ్లు బాంబులు వేసినప్పుడు మా అమ్మమ్మ పన్నెండేళ్ల పిల్ల. బండి కట్టుకుని పల్లెకు పారిపోయామని చెప్పేది. ఆ జపాన్ నౌకలను ముందే చూసి కబురు పంపిన విమానం ఒకటి సముద్రంలో కూలిందని ఎక్కడో చదివాను. అందులోని వాళ్లు బతికారా? (ఒక పాఠకురాలు, కాకినాడ)

జవాబు: అమ్మా, ముందు ఒక చిన్న సవరణ. ఆ విమానం చూసిన నౌకలు వేరు, మీ ఊరి మీద బాంబులు వేసిన నౌకలు వేరు. ఆ విమానం చూసింది సిలోన్ (ఇప్పటి శ్రీలంక) మీదికి వచ్చిన అడ్మిరల్ నగుమో దళాన్ని. అదే రోజుల్లో అడ్మిరల్ ఒజావా ఇంకో దళంతో బంగాళాఖాతంలోకి చొరబడి, ఇరవైకి పైగా సరుకు ఓడలను ముంచాడు. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసినవి ఆయన వెంట ఉన్న ర్యుజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు. మీ అమ్మమ్మ చూసింది వాటినే.

ఇక మీరడిగిన విమానం. దాని పేరు కాటలీనా. నీళ్ల మీద దిగి, నీళ్ల మీంచే లేచే రకం. వేగం తక్కువ, ఓపిక ఎక్కువ. ఇరవై గంటలకు పైగా గాలిలో ఉండగలదు. కెనడా వాయుసేన 413వ స్క్వాడ్రన్‌కు చెందిన స్క్వాడ్రన్ లీడర్ లెనార్డ్ బిర్చాల్ ఏప్రిల్ 4న, తనతో కలిపి తొమ్మిది మంది సిబ్బందితో, సిలోన్ దక్షిణ తీరంలోని కొగ్గాలా నుంచి గస్తీకి బయలుదేరాడు. ఆ చోటికి వచ్చి రెండు రోజులే అయింది. సాయంత్రం, గస్తీ ముగిసే వేళకు, దక్షిణాన దూరంగా చుక్కలు కనిపించాయి. ఎవరివో తేల్చుకోవాలంటే దగ్గరికి వెళ్లాలి. దగ్గరికి వెళ్తే తిరిగి రావడం కష్టం. వెళ్లాడు. ఎన్ని నౌకలు, ఎటు పోతున్నాయి అని వైర్‌లెస్‌లో పంపడం మొదలుపెట్టారు. కబురు మూడుసార్లు పంపాలని నియమం. మూడోసారి పంపుతుండగానే జపాన్ జీరో ఫైటర్ల గుళ్లు వైర్‌లెస్ సెట్టును ముక్కలు చేశాయి.

కబురు మాత్రం కొలంబోకు అందింది. మర్నాడు ఈస్టర్ ఆదివారం దాడి జరిగే సరికి రేవులోంచి చాలా ఓడలు బయటికి వెళ్లిపోయాయి. బిర్చాల్‌కు ఆ తర్వాత ‘సిలోన్ రక్షకుడు’ అని పేరొచ్చింది. ఇదంతా పుస్తకాల్లో దొరుకుతుంది. నేను చెప్పదలుచుకున్నది నీళ్లలో జరిగింది.

మంటలతో విమానం సముద్రం మీద దిగింది. ఒకతను కాలు తెగిపోయి, విమానంతో పాటే మునిగిపోయాడు. మిగతా ఎనిమిది మంది బయటపడ్డారు. పై నుంచి ఫైటర్లు నీళ్లలో ఉన్నవాళ్ల మీద కాలుస్తూనే ఉన్నాయి. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లు గుళ్లు వచ్చినప్పుడల్లా నీళ్లలోకి మునిగి తప్పించుకున్నారు. బాగా గాయపడ్డ ఇద్దరి ఒంటి మీద లైఫ్ జాకెట్లున్నాయి. జాకెట్ గాలితో ఉబ్బి ఉంటే మనిషి కావాలనుకున్నా మునగలేడు. ఆ ఇద్దరూ అక్కడే చనిపోయారు.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నేను సర్వీసులోనే ఉన్నాను. ఆ రోజు బల్ల మీద ఆరు జాకెట్లున్నాయి. మా పరీక్షలన్నీ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగేవి: ఇది మనిషిని తేలుస్తుందా లేదా? స్పృహ తప్పినవాడి ముఖం కూడా నీటికి పైనే ఉండాలి, అదే మంచి జాకెట్‌కు గుర్తు. ఆ ఇద్దరి జాకెట్లు సరిగ్గా ఆ పనే చేశాయి. ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు. అయినా ఆరు కార్డుల మీదా సంతకం పెట్టాను. అది తప్ప వేరే దారి లేదు కదా.

మిగిలిన ఆరుగురిని ఇసోకాజే అనే జపాన్ డిస్ట్రాయర్ ఎక్కించుకుంది. యుద్ధం ముగిసే దాకా వాళ్లు బందీలు. జబ్బుపడ్డ తోటి ఖైదీల కోసం బిర్చాల్ కాపలావాళ్లకు ఎదురు నిలిచి దెబ్బలు తిన్నాడు. 2004లో, 89వ ఏట, కెనడాలో పోయాడు.

అదే స్క్వాడ్రన్‌లోని ఇంకో కాటలీనా కథ ఇంత పొడవు లేదు. ఏప్రిల్ 9న ఫ్లైట్ లెఫ్టినెంట్ థామస్ కూడా అదే జపాన్ దళాన్ని చూశాడు, కబురు మొదలుపెట్టాడు. కబురు మధ్యలో తెగిపోయింది. ఒక్కరూ తిరిగి రాలేదు.

ప్రశ్న: యుద్ధ విమానాల్లో పావురాలను తీసుకెళ్లేవారని మా సార్ అంటే క్లాసంతా నవ్వింది. నిజమేనా? (ఒక విద్యార్థి, వరంగల్)

జవాబు: నిజమే బాబూ, నవ్వినవాళ్లకు ఇది చదివి వినిపించు. 1942 ఫిబ్రవరిలో నార్వే వైపు వెళ్లి తిరిగొస్తున్న బ్రిటిష్ బ్యూఫర్ట్ బాంబర్ ఒకటి నార్త్ సీలో పడింది. నలుగురు సిబ్బంది ఎముకలు కొరికే చలిలో డింగీలో మిగిలారు. తామెక్కడున్నారో చెప్పే దారి లేదు. విమానంలో బుట్టలో పెట్టుకెళ్లిన వింకీ అనే ఆడ పావురం ఆ గందరగోళంలో బయటపడి ఎగిరిపోయింది. దాదాపు 190 కిలోమీటర్లు ఎగిరి, రెక్కలకు నూనె అంటుకుని, వగరుస్తూ స్కాట్లాండ్‌లో డండీ దగ్గరున్న తన గూటికి చేరింది. కాలికి చీటీ కూడా లేదు. యజమాని వైమానిక దళానికి చెప్పాడు. విమానం పడిన వేళకూ పావురం చేరిన వేళకూ మధ్య ఎంతసేపైంది, గాలి ఎటు వీస్తోంది, రెక్కల మీది నూనె దాన్ని ఎంత ఆలస్యం చేసి ఉంటుంది అని లెక్కలు వేసి, వెతికే చోటు మార్చుకున్నారు. నలుగురూ దొరికారు. జంతువుల శౌర్యానికి ఇచ్చే డికిన్ మెడల్‌ను 1943లో తొలిసారి అందుకున్నవాటిలో వింకీ ఒకటి.

నాకు ఇందులో పావురం కన్నా ఆ లెక్క వేసినవాళ్లే గొప్పగా తోస్తారు. మీ సార్‌కు నా నమస్కారాలు చెప్పు.

ప్రశ్న: 1971 యుద్ధంలో మన నేవీ విమానం ఏదైనా సముద్రంలో పోయిందా? (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: పోయింది. డిసెంబర్ 9 రాత్రి పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్ మన ఐఎన్ఎస్ ఖుక్రీని ముంచింది. 194 మంది పోయారు. ఆ మర్నాడు, అరేబియా సముద్రం మీద ఉన్న మన అలీజే విమానాన్ని పాకిస్తాన్ ఎఫ్-104 స్టార్‌ఫైటర్ కూల్చింది. అలీజే అంటే సబ్‌మెరైన్లను వెతకడానికి చేసిన ఫ్రెంచి విమానం, ముందు ఒక్క ప్రొపెల్లర్, లోపల ముగ్గురు. ధ్వనికి రెట్టింపు వేగంతో వచ్చేదాని ముందు ఆటోలాంటిది. పైగా అందులో ఎజెక్షన్ సీట్లు లేవు. ముగ్గురిలో ఎవరూ తిరిగి రాలేదు. ఆ సీనియర్లతో పనిచేసినవాళ్లు మా మెస్‌లో ఉండేవారు. డిసెంబర్ వచ్చిందంటే వాళ్లు మాట తగ్గించేసేవారు, మేమూ అడిగేవాళ్లం కాదు.

ప్రశ్న: 2016లో పోయిన మన వాయుసేన విమానం ఏఎన్-32 యుద్ధంలో పోయింది కాదు, అయినా అడుగుతున్నాను. ఇన్ని ఉపగ్రహాలున్న కాలంలో అంత పెద్ద విమానం ఏడేళ్లు దొరక్కపోవడం ఏంటండీ? (ఒక పాఠకుడు, గాజువాక)

జవాబు: మీ బాధ నాకు తెలుసు. అందులో ఉన్న 29 మందిలో ఎనిమిది మంది మన విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. జూలై 22 ఉదయం తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ బయలుదేరింది, చేరలేదు.

ఉపగ్రహం నీళ్ల పైభాగాన్నే చూస్తుంది. రేడియో సిగ్నల్ సముద్రపు నీటిలోంచి పైకి రాదు. నీటి కింద వెతకాలంటే శబ్దం ఒక్కటే దారి, అంటే సోనార్. దాన్ని అడుగుకు దగ్గరగా, పొలం దున్నినట్టు సాలు పక్కన సాలుగా తిప్పాలి. అప్పట్లో నౌకలు, విమానాలు ఎన్ని వెతికినా ఏమీ దొరకలేదు. చివరికి చెన్నైలోని సముద్ర సాంకేతిక సంస్థ ఎన్ఐఓటీ, మనిషి లేకుండా తనంతట తానే నీటి అడుగున తిరిగే యంత్రంతో 3,400 మీటర్ల లోతున శకలాల ఫోటోలు తీసింది. చెన్నై తీరానికి దాదాపు 140 నాటికల్ మైళ్ల దూరం. ఆ మాట 2024 జనవరిలో ప్రకటించారు. 3,400 మీటర్లంటే కైలాసగిరి లాంటి కొండలు ఒకదాని మీద ఒకటి ఎన్ని పెట్టాలో మీరే ఊహించుకోండి.

రెండో ప్రపంచ యుద్ధం నాటి సంగతి ఇంకా పెద్దది. అమెరికా ఇప్పటికీ జాడ తెలియనివాళ్లని లెక్కగట్టిన తన సైనికులు ఎనభై వేల పైమాటే, రెండో ప్రపంచ యుద్ధం నుంచి జరిగిన యుద్ధాలన్నీ కలిపి. అందులో నలభై వేలకు పైగా సముద్రంలో పోయినవాళ్లేనని అంచనా. బ్రిటిష్, కామన్వెల్త్ వైమానికుల్లో సమాధి లేనివాళ్ల పేర్లు ఇరవై వేలకు పైగా లండన్ దగ్గర రన్నీమీడ్ గోడల మీద చెక్కారు. మన వైపు సముద్రాల్లో పోయినవాళ్ల పేర్లు సింగపూర్ క్రాంజీ స్మారకం మీద ఉంటాయి. సింగపూర్‌లో ఉండే మన పిల్లలెవరైనా ఆదివారం ఖాళీ ఉంటే ఒకసారి వెళ్లి చూడండి.

ప్రశ్న: మీరు సర్దిన డింగీ ఎప్పుడైనా నిజంగా పనికొచ్చిందా? (ఒక పాఠకురాలు, శ్రీకాకుళం)

జవాబు: నాకు తెలిసి ఒక్కసారి. యుద్ధం కాదు, మామూలు ట్రైనింగ్. నీళ్లలో పడ్డ గంటన్నరకు హెలికాప్టర్ తీసుకొచ్చింది. వారం తర్వాత ఆ పైలట్ మా సెక్షన్‌కు లడ్డూల డబ్బా పట్టుకుని వచ్చాడు, పంజాబీ కుర్రాడు. గ్యాస్ బాటిల్ తాడు లాగగానే డింగీ ఉబ్బిందట, రంగు పొట్లం విప్పితే చుట్టూ నీళ్లు పచ్చగా మెరిశాయట. నేను లోపల్లోపల పొంగిపోతున్నాను. అంతలో అన్నాడు: “దాదా, విజిల్ తాడు పొట్టిగా ఉంది. జాకెట్ కాలర్ ఉబ్బాక నోటికి అందలేదు.”

మేం ఆ జాకెట్లు పరీక్షించేటప్పుడు ఎప్పుడూ గాలి నింపి, పక్కన పెట్టి, విజిల్ విడిగా ఊది చూసేవాళ్లం. తొడుక్కుని ఊదలేదు. ఆ మధ్యాహ్నం నేనే ఒకటి తొడుక్కుని, గాలి నింపుకుని, అద్దం ముందు నిలబడి విజిల్ కోసం నాలుక చాపాను. మా పెద్దాయన చూసి నవ్వి, పై ఆఫీసుకు కాగితం పెట్టాడు. తాడు రెండంగుళాలు పెంచారు.