స్కాన్ నార్మల్ అంటున్నారు, మరి కిందకి జారేదేంటి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకి 58 ఏళ్ళు, నలుగురు పిల్లల తల్లి. రెండేళ్ళుగా కింద ఏదో గడ్డలా జారి తగులుతోందట, పొద్దున అంతగా ఉండదు, పొలం పని చేసొచ్చిన సాయంత్రం బాగా తెలుస్తుందట. మూత్రం ఒక్కసారిగా పూర్తిగా రాదు. పొట్ట స్కాన్ తీస్తే అంతా నార్మల్ అన్నారు. ఇంకోచోట ఎమ్మారై తీయించి గర్భసంచి తీసేద్దాం అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కర్నూలు జిల్లా

జవాబు: అమ్మ చెప్పేది నమ్మమ్మా, రిపోర్ట్ నార్మల్ వచ్చినంత మాత్రాన గర్భసంచో, మూత్రాశయమో జారలేదని కాదు. పొట్ట స్కాన్ వెల్లకిలా పడుకోబెట్టి తీస్తారు కదా, అప్పుడు జారింది లోపలికి సర్దుకుంటుంది, ఆ స్కాన్ చూసేది గర్భసంచి సైజు, గడ్డలు, అండాశయాలు, అంతే. జారిందా లేదా తేల్చేది చేత్తో, కళ్ళతో చేసే పరీక్షే. మీ లెటర్‌లో ఆ పరీక్ష చేశారన్న మాటే లేదు, నాకు బాధనిపించింది అందుకే.

లేడీ గైనకాలజిస్ట్ దగ్గరికి, వీలైతే సాయంత్రం పూట తీసుకెళ్ళండి. స్పెక్యులమ్ (యోనిని తెరిచి చూసే పరికరం) ఒక రేకుతో యోని వెనక గోడని పట్టి ఉంచి, గట్టిగా ముక్కమని, దగ్గమని చెప్పి ముందు గోడ చూస్తారు, అక్కడ ఉబ్బితే జారేది మూత్రాశయం, తర్వాత రేకు తిప్పి వెనక గోడ చూస్తారు, అక్కడ ఉబ్బితే పురీషనాళం (మలం నిలిచే చివరి పేగు), పైనుంచి గర్భసంచి ముఖం ఎంత కిందకి దిగుతోందో కూడా చూస్తారు. మూత్రం పడిపోతుందేమో, గ్యాస్ పోతుందేమో అని చాలామంది సరిగ్గా ముక్కరు, దాంతో అసలు జారుడు బయటపడదు. పడినా పర్లేదని అమ్మకి ముందే చెప్పండి. పడుకుంటే కనపడకపోతే నిలబెట్టి చూడమని మీరే అడగండి, అందులో తప్పేం లేదు. కన్నెపొర అంచు నుంచి ఎన్ని సెంటీమీటర్లు పైన ఉంది, ఎన్ని కిందకొచ్చింది అని కొలిచి 0 నుంచి 4 దాకా స్టేజ్ రాస్తారు, 1996 నుంచి వాడుకలో ఉన్న పాప్-క్యూ పద్ధతి ఇదే.

అమ్మకి మూత్రం మిగిలిపోతోంది కాబట్టి స్కాన్ ఉపయోగపడేది అక్కడ. మూత్రానికి వెళ్ళొచ్చిన వెంటనే తీసి ఎంత మిగిలిందో చూస్తారు, 100 ఎంఎల్ దాటితే కాస్త పట్టించుకోవాలి. జారుడు ఎక్కువుంటే కిడ్నీలు వాచాయేమో కూడా చూడాలి. యూరిన్ టెస్ట్ ఎలాగూ చేయిస్తారు. ఇంకోటి, జారిన మూత్రాశయం వల్ల మూత్రనాళం మడతపడిన పైపులా అయి, లీకేజీ ఉన్నా బయటపడదు, అందుకని ఆపరేషన్ అనుకుంటే ముందు జారిన భాగాన్ని లోపలికి నెట్టి దగ్గించి చూడాలి, లేదంటే ఆపరేషన్ అయ్యాక దగ్గినప్పుడల్లా కారుతోందని వస్తారు.

ఎమ్మారై అందరికీ అక్కర్లేదు. విరోచనానికి వేలితో నొక్కాల్సి వస్తున్నా, పేగు జారిందని అనుమానం ఉన్నా, ముందే ఆపరేషన్ అయి మళ్ళీ జారినా, అప్పుడు ముక్కిస్తూ తీసే ఎమ్మారై పనికొస్తుంది, మామూలుగా పడుకోబెట్టి తీసేదానితో ఏం తెలీదు.

గర్భసంచి తీసేసే మాట ఇప్పుడే వద్దు. జారింది మూత్రాశయమే అయితే గర్భసంచి ఒక్కటే తీసినా ఆ ఉబ్బు అలాగే ఉంటుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళ శాతం మన ఆంధ్రలోనే దేశంలో అందరికంటే ఎక్కువ, తర్వాత తెలంగాణ. స్టేజ్ ఎంత, ఏ గోడ జారింది అని కాగితం మీద రాయించుకున్నాకే మాట్లాడండి, పెసరీ రింగ్ (జారినదాన్ని పైకి పట్టి ఉంచేలా యోనిలో పెట్టే రింగ్) పెట్టి చూడొచ్చా అని కూడా అడగండి.

ఈలోగా మూత్రం పూర్తిగా ఆగిపోయినా, కింద రక్తం కనపడినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు తీసుకెళ్ళండి.