ఎముక అతుక్కుంది, నొప్పి మాత్రం పోలేదు

"చీలమండ విరిగి మూడేళ్ళయింది. ఎముక బాగా అతుక్కుందనే అంటున్నారు, అయినా నొప్పి పోవడం లేదు, కారణం ఎవరూ చెప్పడం లేదు. ఇట్లా ఉన్నవాళ్ళు ఎట్లా నెట్టుకొస్తున్నారు?" అని అడిగారు కదా. నేను డాక్టరును కాను, కడపలో టీచర్‌ని. నా నొప్పికి ఇప్పటికీ ఒక పేరంటూ పెట్టలేదు ఎవరూ. నా సంగతి చెప్తాను, పనికొచ్చేది తీసుకోండి.

2017 ఎండాకాలంలో పెరట్లో కడప బండలు కడుగుతూ సబ్బునీళ్ళ మీద జారాను. పాదం లోపలికి మడతబడి, బయటివైపు ఎముక కింది కొస విరిగింది. ఆరు వారాలు పిండికట్టు. విప్పినాక ఎక్స్‌రే చూసి "ఇంక నడవండి" అన్నారు. నడిచాను, కుంటుతూనే. తర్వాత రెండేళ్ళలో ఎన్నిసార్లు పోయినా మళ్ళీ ఎక్స్‌రే, మళ్ళీ అదే మాట. ఒకాయనైతే "మనసులో పెట్టుకుంటున్నారమ్మా" అన్నాడు. ఆ రోజు ఆటోలోనే ఏడుపొచ్చింది.

నాలుగో ఏట ఇంకో డాక్టరు దగ్గర గానీ అసలు విషయం అర్థం కాలేదు. ఎక్స్‌రేలో ఎముక బాగా కనపడుతుంది గానీ ఎముకను ఎముకకు కట్టి ఉంచే లిగమెంట్లు, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాళ్ళు, కీలులో ఎముక కొసల మీదుండే మెత్తటి పొర కనపడవట. ఎముక విరిగిన దెబ్బకే ఇవీ దెబ్బతిని ఉండొచ్చు. ఎంఆర్ఐ తీయిస్తే కొంచెం నీరు, సాగిన లిగమెంటు కనిపించాయి. "ఇంత నొప్పికి ఇది చాలదే" అని ఆయనే అన్నాడు. తెలియదని ఒప్పుకున్న మొదటి మనిషి ఆయనే. ఎందుకో గానీ ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. మీకు ఎంఆర్ఐ తీయించకపోయుంటే అవసరమా అని అడగండి. పాదం మీద బరువు మోపి, నిలబడి తీసిన ఎక్స్‌రే చూశారా అని కూడా అడగండి. కీలు సందు తగ్గిందేమో అందులో బాగా తెలుస్తుందట.

మా ఇంట్లో అందరూ "మబ్బు పడితే నొప్పి లేస్తుంది" అనేవాళ్ళు, నేనూ నమ్మాను. పాల లెక్క రాసే క్యాలెండర్‌లోనే రోజూ నొప్పికి పదికి ఎంతో ఒక అంకె, పక్కన వాన, ఎండ రాయడం మొదలుపెట్టాను. మూడు నెలలు చూస్తే నా విషయంలో వానకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. పరీక్షల డ్యూటీలో మూడు గంటలు నిలబడ్డ రోజు ఏమీ ఉండదు, మరునాడు ఆరో ఏడో పడుతుంది. బండల మీద ఉత్తకాళ్ళతో తిరిగిన ఆదివారం తర్వాత సోమవారం కూడా అంతే. నేనేమో నొప్పి వచ్చిన రోజు ఏం చేశానా అని వెతుక్కుంటా ఉన్నాను, చూడాల్సిందేమో ముందురోజు. ఆ క్యాలెండర్ ఫోటో తీసుకుపోయి చూపించినాక డాక్టరు అడిగే ప్రశ్నలే మారిపోయాయి.

ఇంట్లో చెప్పులు వేసుకోవడం పెద్ద గొడవ. "వంటింట్లో చెప్పులేందమ్మా" అని మాయత్త రెండు నెలలు ముఖం ముడుచుకుంది. ఇంట్లోకని విడిగా మెత్తటి జత కొని, అవి గడప దాటవని చూపించినాక ఊరుకుంది. ఇప్పుడు మడమ నొప్పని ఆమే ఒక జత తెప్పించుకుంది.

ఫిజియోథెరపీ ఆమె చెప్పినవాటిలో నాకు నిలిచినవి రెండే. మెట్లు ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు నొప్పికాలు ముందు. రెండోది, వంటగట్టు పట్టుకొని నొప్పికాలు ఒక్కదాని మీదే నిలబడడం. మొదట ఐదు సెకన్లకే వణికేది, ఇప్పుడు పోపు వేగేదాకా నిలబడతాను. నొప్పి మొత్తం పోలేదు గానీ కాలు మడతబడుతుందన్న భయం చాలావరకు పోయింది. 2023లో మొక్కుకని అలిపిరి దారిలో 3,550 మెట్లూ ఎక్కాను, ఐదు గంటలు పట్టింది. దిగేది మాత్రం బస్సులోనే. మా ఆయన నవ్వాడు, నవ్వనీ.

నొప్పి మాత్రలు మందుల షాపులో అడిగి తెచ్చుకొని ఏడాది మింగాను. కడుపులో మంట మిగిలింది. అది మాత్రం చేయకండి. జ్వరంతో పాటు చీలమండ ఎర్రగా వాచినా, ఉన్నట్టుండి పిక్క వాచినా, పాదం తిమ్మిరెక్కి రంగు మారినా, నిద్రలోంచి లేపేంత నొప్పి వస్తున్నా, పాత నొప్పేలే అని ఊరుకోకుండా వెంటనే చూపించుకోండి.

మీకు నొప్పి బయటివైపా, లోపలివైపా, ముందరా? మెట్లు దిగేటప్పుడు ఎక్కువా, పొద్దున లేవగానే వేసే మొదటి అడుగులోనా? అది రాస్తే నా అనుభవంలో ఏది మీకు సరిపోతుందో చెప్పగలను.