దిక్కుల చిక్కు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: “వాయుగుండం వాయవ్య దిశగా కదులుతోంది, తీరం వెంబడి ఈశాన్య గాలులు బలంగా వీస్తాయి” అని ఒకే వార్తలో చదివాను. ఈశాన్య గాలి అంటే ఈశాన్యానికి పోయే గాలా, అటునుంచి వచ్చే గాలా? వాయుగుండం ఒక వైపు పోతుంటే గాలి మరొక వైపు ఎలా వీస్తుంది?
– ఒక పాఠకుడు, కొత్తపట్నం

జవాబు: అటునుంచి వచ్చే గాలే. గాలికి అది పుట్టుకొచ్చిన దిక్కు పేరు పెడతారు, వాయుగుండానికీ తుపానుకూ మాత్రం అవి వెళ్ళే దిక్కు చెబుతారు. వేసవిలో మనం పడమటి గాలి అని విసుక్కునేది పడమర నుంచి వచ్చే వడగాలినే కదా! అక్కడ ఎవరికీ అనుమానం రాదు. నైరుతి, ఈశాన్య రుతుపవనాల పేర్లూ ఇదే పద్ధతిలో వచ్చాయి.

ఈ పద్ధతికి కారణం లేకపోలేదు. గాలి ఎటు పోతుందన్న దానికంటే ఎటునుంచి వస్తుందన్నదే వాతావరణాన్ని నిర్ణయిస్తుంది. మే నెలలో వేడెక్కిన నేల మీదుగా వచ్చే గాలి సెగ తెస్తే, నవంబరులో బంగాళాఖాతం మీదుగా వచ్చే ఈశాన్య గాలి తేమ తెచ్చి నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో పెద్ద వాటా ఇస్తుంది. తుపాను విషయంలో మనకు కావలసింది వేరు: అది ఎవరి మీదికి వస్తుందో తెలియాలి. సముద్ర ప్రవాహాలకు కూడా అవి పోయే దిక్కు పేరే పెడతారు. అందుకే నవంబరులో మన తీరం వెంట గాలిని ఈశాన్య గాలి అనీ, నీటిని దక్షిణ ప్రవాహం అనీ అంటారు గాని, నిజానికి రెండూ ఇంచుమించు ఒకే వైపు సాగుతుంటాయి.

ఇక మీ వార్తలోని రెండు మాటలకూ వైరుధ్యం లేదు. ఉత్తరార్ధగోళంలో తుపాను చుట్టూ గాలి గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. కేంద్రం మీకు ఆగ్నేయంగా సముద్రంలో ఉన్నప్పుడు మీ ఊరు దానికి వాయవ్యాన ఉన్నట్టు, ఆ పక్కన గాలి ఈశాన్యం నుంచే రావాలి. గాలికి వీపు చూపి నిలబడితే అల్పపీడనం మీ ఎడమ చేతి వైపు ఉంటుందని డచ్చి శాస్త్రవేత్త బైస్ బాలట్ 1857లో చెప్పిన సూత్రం ఇదే. ఈశాన్య గాలికి వీపు పెడితే మీరు నైరుతిని చూస్తుంటారు, ఎడమ చెయ్యి ఆగ్నేయాన్ని చూపుతుంది. కేంద్రం ఉత్తరానికి జరిగి మీకు తూర్పున చేరితే గాలి ఉత్తరం నుంచి వస్తుంది, మిమ్మల్ని దాటి ఉత్తరాన చేరితే పడమటి నుంచి వస్తుంది.

ఫోన్లలోని వాతావరణ యాప్‌లు మరొక చిక్కు తెచ్చాయి. కొన్నింటిలో బాణం గాలి పోయే వైపు చూపుతుంది, పక్కనున్న అక్షరాలు వచ్చే దిక్కును చెబుతాయి. వార్తలు రాసేవారు “ఈశాన్యం నుంచి”, “వాయవ్యం వైపు” అని ఆ ఒక్క మాట చేర్చి రాస్తే ఈ ప్రశ్నే పుట్టదు. అంత చిన్న మాటకు పత్రికల్లో చోటు చాలదని నేను అనుకోను.

ప్రశ్న: రేవులో ఎగరేసే 5, 6 నంబర్ల హెచ్చరికలకు ఎడమ, కుడి అని అర్థం చెబుతారు. ఎవరి ఎడమ, ఎవరి కుడి?
– ఒక పాఠకురాలు, ముత్తుకూరు

జవాబు: తుపానువి. అది సాగే దారిలో మీరే దాని వెంట ముందుకు నడుస్తున్నట్టు ఊహించుకోండి. రేవు మీ ఎడమకు వస్తే 5, కుడికి వస్తే 6. తీవ్రత ఎక్కువైతే ఇవే వరుసగా 8, 9 అవుతాయి. తుపాను రేవు మీదుగా గాని దాని దగ్గరగా గాని దాటుతుందనుకుంటే 7 లేదా 10 ఎగరేస్తారు. పడమరగా వచ్చే తుపాను మచిలీపట్నం దగ్గర తీరం దాటబోతుంటే కృష్ణపట్నం దానికి ఎడమన ఉంటుంది. రేవులో సముద్రం వైపు తిరిగి నిలబడి చూసేవారికి మాత్రం ఆ తుపాను తమ ఎడమ చేతి వైపుగా పోతున్నట్టే కనిపిస్తుంది, గందరగోళం అక్కడే మొదలవుతుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను అంతకుముందు దాదాపు ఉత్తరంగా, నెల్లూరు తీరాన్ని ఎడమన ఉంచుకొని సాగింది. అప్పుడు ఎడమ అంటే పడమర.

ఈ తేడా పేరుకు మాత్రమే కాదు. పడమరగా వచ్చే తుపానుకు కుడి పక్కన, అంటే ఉత్తరాన, గాలి సముద్రం మీద నుంచి నేలకు వీచి నీటిని గట్టు మీదికి తోస్తుంది కాబట్టి ఉప్పెన ముప్పు అటే ఎక్కువ. ఎడమ పక్కన గాలి నేల మీద నుంచి సముద్రానికి వీస్తుంది. అటు వానలకూ ఈదురుగాలులకూ లోటుండదు.

ప్రశ్న: సాగర్ కుడి కాలువను కుడి అని దేన్ని బట్టి అంటారు?
– ఒక రైతు, దర్శి

జవాబు: నది పారే వైపు ముఖం పెట్టి చూసినప్పటి కుడి. కృష్ణకు ఆ గట్టున బయలుదేరి గుంటూరు, ప్రకాశం వైపు వచ్చేది కుడి కాలువ, నల్గొండ, ఖమ్మం వైపు పోయేది ఎడమ కాలువ. పెన్న వంతెన మీద సముద్రం వైపు తిరిగి నిలబడితే నెల్లూరు కుడి గట్టున, కోవూరు ఎడమ గట్టున ఉంటాయి. ఎగువకు తిరిగి చూసినంత మాత్రాన ఈ పేర్లు మారవు.