మెమరీ డంప్ ఫైల్‌ను తొలగించొచ్చా?

ప్రశ్న: సి డ్రైవ్ నిండిపోతోంది. విండోస్ ఫోల్డర్‌లో ‘మెమరీ.డీఎంపీ’ అనే ఫైల్ ఒక్కటే కొన్ని జీబీలుంది. తీసేస్తే విండోస్ పాడవుతుందా? మళ్లీ రాకుండా ఆపొచ్చా?

జవాబు: నిరభ్యంతరంగా తీసేయొచ్చు. విండోస్ నడవడానికి దాని అవసరం లేదు. బ్లూ స్క్రీన్ వచ్చి సిస్టమ్ ఆగిపోయినప్పుడు, ఆ క్షణంలో ర్యామ్‌లో ఉన్న సమాచారం పేజ్ ఫైల్‌లోకి (ర్యామ్‌కు తోడుగా విండోస్ డిస్క్‌లో వాడుకునే ఫైల్) చేరుతుంది. రీస్టార్ట్ అయ్యాక అదే ఈ ఫైల్‌గా మారుతుంది. మామూలుగా కొత్త డంప్ పాతదాని మీదే పడుతుంది కాబట్టి ఇవి పోగుపడవు.

అయితే కంప్యూటర్ ఈమధ్య తరచూ క్రాష్ అవుతుంటే తొందరపడకండి. కారణం చెప్పే సాక్ష్యం అందులోనే ఉంటుంది. క్రాష్‌లను విశ్లేషించడానికి మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే విన్‌డీబీజీ (WinDbg) అనే ప్రోగ్రామ్‌లో దాన్ని తెరిచి ‘!అనలైజ్ -వీ’ (!analyze -v) కమాండ్‌ను ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే, ఏ డ్రైవర్ (హార్డ్‌వేర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్) మీద అనుమానం ఉందో చూపిస్తుంది. ప్రతిసారీ ఒకే డ్రైవర్ పేరు వస్తే దాన్ని అప్‌డేట్ చేయండి, లేదా పాత వెర్షన్‌కు వెళ్లండి. ఒక్కోసారి ఒక్కో పేరు వస్తుంటే నేనైతే ముందు ర్యామ్‌ను అనుమానిస్తాను. విండోస్‌లోనే ఉన్న మెమరీ డయాగ్నస్టిక్ టూల్‌తో పరీక్షించండి.

తొలగించడానికి డిస్క్ క్లీనప్ తెరిచి, ‘క్లీనప్ సిస్టమ్ ఫైల్స్’ నొక్కి, ‘సిస్టమ్ ఎర్రర్ మెమరీ డంప్ ఫైల్స్’కు టిక్ పెట్టండి.

ఇక మళ్లీ రాకుండా ఆపడం గురించి. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్, అందులో ‘స్టార్టప్ అండ్ రికవరీ’ సెట్టింగ్స్‌కు వెళ్తే ‘నన్’ అనే ఆప్షన్ ఉంటుంది. దయచేసి అది ఎంచుకోవద్దు. రేపు కంప్యూటర్ మొరాయిస్తే చేతిలో ఏ ఆధారమూ మిగలదు. ‘స్మాల్ మెమరీ డంప్’ పెట్టుకోండి. చిన్న ఫైల్ చాలు, క్రాష్‌కు ఒకటి చొప్పున మినీడంప్ ఫోల్డర్‌లో చేరుతుంది. ఇంట్లో వాడే కంప్యూటర్‌కు చాలావరకు ఇదే సరిపోతుంది. పేజ్ ఫైల్‌ను మాత్రం పూర్తిగా ఆపేయకండి, డంప్ రాయడానికి అది కావాలి.

మరో ముఖ్యమైన సంగతి. సహాయం కోసం డంప్ ఫైల్‌ను ఎవరికైనా పంపేముందు ఆలోచించండి. అది ర్యామ్ నకలు. ర్యామ్ మొత్తాన్నీ కాపీ చేసే ‘కంప్లీట్’ డంప్ అయితే అప్పుడు తెరిచి ఉన్న డాక్యుమెంట్లు, పాస్‌వర్డ్‌లు సైతం అందులో ఉండొచ్చు. మినీడంప్‌లో ఆ ముప్పు చాలా తక్కువే గానీ అసలు లేదనలేం. నమ్మకమైన వాళ్లకే ఇవ్వండి, అందరూ చూసేచోట పెట్టకండి.